తేదీల ఫోల్డర్లలోకి ఫైళ్ల కాపీ: షెల్ స్క్రిప్టుపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో కొన్ని ఫొటో స్టూడియోలకు, ఎనుమాముల మార్కెట్ దగ్గర కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. లగ్గాల సీజన్ మొదలైతే స్టూడియోల నుంచి ఫోన్లు వస్తాయి. పత్తి, మిర్చి బస్తాలు దిగడం మొదలైతే దుకాణాల నుంచి వస్తాయి. రెండుచోట్లా మాట ఒకటే: "అన్నా, మొన్నటి ఫైళ్లు ఏడున్నయో దొరుకుతలేవు." నా మందు కూడా ఒకటే. ఏ రోజు ఫైళ్లు ఆ రోజు పేరున్న ఫోల్డర్లో పడేలా పది లైన్లు దాటని షెల్ స్క్రిప్టు రాసిస్తాను. షెల్ అంటే మనం కొట్టే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం, స్క్రిప్టు అంటే ఆ కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు. స్క్రిప్టు చిన్నదే కానీ దాని మీద అనుమానాలు మాత్రం తెగవు. ఎక్కువగా అడిగేవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇందులో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయేం?

నేను వీటిని ఎప్పుడూ ఫోన్లోనే చెబుతాను, అవతలివాళ్లు విని కొడతారు. మీరూ చదువుకుంటూ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఇంకో కారణం కూడా ఉంది. వాట్సాప్‌లోంచో వెబ్ పేజీలోంచో కమాండు కాపీ చేసి అతికిస్తే, నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులు చాలాసార్లు వంకర తిరిగి వస్తాయి. రెండు హైఫన్లు కలిసిపోయి ఒక పొడుగు గీతవుతాయి. మన కంటికి తేడా తెలియదు, షెల్‌కు అవి వేరే అక్షరాలు. చేత్తో కొడితే ఈ పీడ ఉండదు. పెద్ద అక్షరం అని చెప్పినచోట పెద్దదే కొట్టండి. ఏమీ చెప్పకపోతే చిన్నదని అర్థం.

మౌస్‌తో లాగి వేస్తే పోయేదానికి స్క్రిప్టు ఎందుకు?

ఒక రోజుకైతే మౌస్ చాలు. వరసగా మూడు లగ్గాలు తీసి, రాత్రి రెండింటికి స్టూడియోకొచ్చిన మనిషి చేసే ఫోల్డర్ల పేర్లు చూశారా? "కొత్త ఫోల్డర్", "కొత్త ఫోల్డర్ 2", "హన్మకొండ పెళ్లి", "హన్మకొండ పెళ్లి అసలుది". నిద్ర కళ్లతో ఉన్న మనిషికి పేరు పెట్టే పని అప్పగించకూడదు. స్క్రిప్టుకు నిద్ర రాదు.

విండోస్‌లో నడుస్తుందా?

నడుస్తుంది, కానీ నేరుగా కాదు. లినక్స్‌లో, మ్యాక్‌లో షెల్ ముందే ఉంటుంది. విండోస్‌లో అయితే 2016లో వచ్చిన డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) గానీ, గిట్ బ్యాష్ గానీ పెట్టుకోవాలి. డబ్ల్యూఎస్ఎల్‌లో మీ సీ డ్రైవు "స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ సీ" అన్న దారిలో కనిపిస్తుంది. మ్యాక్‌వాళ్లకు ఒక మాట. 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి అక్కడ మామూలుగా తెరుచుకునే షెల్ జెడ్‌షెల్, మనం వాడే బ్యాష్ అనే షెల్ కాదు. స్క్రిప్టు మొదటి లైన్లో బ్యాష్ అని రాసి ఉంటే మాత్రం బ్యాషే నడుపుతుంది, కంగారు అక్కర్లేదు.

ఫోల్డర్ పేరు 15-02-2025 అని పెట్టుకుంటే ఏమైంది? మనకు అలవాటైన వరస అదే కదా.

శుభలేఖ మీద అదే వరస ఉండాలి, డిస్కు మీద వద్దు. కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి అక్షరం అక్షరం పోల్చి వరసలో పెడుతుంది. రోజు ముందు వస్తే ఫిబ్రవరి 15, మార్చి 15, ఏప్రిల్ 15 పక్కపక్కన చేరతాయి. ఫిబ్రవరి 16 ఎక్కడో కింద పడుతుంది. సంవత్సరం, నెల, రోజు వరసలో 2025-02-15 అని పెడితే పేరు వరస, కాలం వరస ఒకటే అవుతాయి. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పే వరస కూడా ఇదే. నెలకు, రోజుకు రెండేసి అంకెలు తప్పనిసరి. "2" అని వదిలేస్తే దానికన్నా "10" ముందుకొస్తుంది.

నెల పేరు అక్షరాల్లో పెట్టమని ఒక సేటు పట్టుబట్టాడు. పెట్టించాను. సంవత్సరం చివర చూస్తే ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఏప్రిల్ మొదట, ఆగస్టు దాని వెనక, జనవరి మధ్యలో ఎక్కడో ఉన్నాయి. ఆ తర్వాత ఆయనే అంకెలకు ఒప్పుకున్నాడు.

స్క్రిప్టు చెప్పండి, రాసుకుంటాం.

మొదటి లైను: హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం, స్లాష్, బిన్, స్లాష్, బ్యాష్. మధ్యలో ఖాళీలు లేవు. ఈ ఫైలును నడపాల్సింది బ్యాష్ అని చెప్పే లైను ఇది.

రెండో లైను: సెట్, ఖాళీ, హైఫన్, ఈ, యు. ఈ పెడితే ఏదైనా కమాండు తప్పినచోటే స్క్రిప్టు ఆగిపోతుంది. యు పెడితే విలువ ఇవ్వని పేరు వాడినప్పుడు ఆగిపోతుంది. ఈ లైను లేకుండా నేనెవరికీ స్క్రిప్టు ఇవ్వను.

మూడో లైను: రోజు అన్న పేరు, అంటే ఆర్-ఓ-జే-యు, తర్వాత సమానం గుర్తు, డాలర్, మామూలు బ్రాకెట్, డేట్, ఖాళీ, ప్లస్, శాతం గుర్తు, పెద్ద ఎఫ్, బ్రాకెట్ మూత. దీంతో ఇవాళ్టి తేదీ 2025-02-15 రూపంలో వచ్చి రోజు అన్న పేరులో కూర్చుంటుంది. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. లెక్కల పుస్తకంలో రాసినట్టు ఖాళీ వదిలితే, రోజు అనేది ఒక కమాండు అనుకుని షెల్ వెతకబోతుంది. ఈ పేర్లు తెలుగు లిపిలో పెట్టడం కూడా కుదరదు. బ్యాష్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే ఒప్పుకుంటుంది.

నాలుగో లైన్లో కెమెరా మెమరీ కార్డు ఉన్న దారిని కార్డు అన్న పేరుకు, ఐదో లైన్లో డిస్కు దారిని డిస్కు అన్న పేరుకు ఇవ్వండి. రెండు దారులూ జంట కొటేషన్లలో ఉండాలి.

ఆరో లైను: ఎంకేడిర్, ఖాళీ, హైఫన్ పి, ఖాళీ, జంట కొటేషన్లో డాలర్ డిస్కు స్లాష్ డాలర్ రోజు. ఇది తేదీ ఫోల్డర్ చేస్తుంది. ముందే ఉంటే కోప్పడకుండా ఊరుకుంటుంది. హైఫన్ పి పెట్టేది అందుకే.

ఏడో లైను: మళ్లీ ఎంకేడిరే, ఈసారి హైఫన్ పి లేకుండా. దారి పాతదే, చివర స్లాష్ డాలర్ ఒకటి చేర్చాలి. డాలర్ ఒకటి అంటే స్క్రిప్టును పిలిచేటప్పుడు దాని పేరు పక్కన మీరు ఇచ్చే మాట: కార్డు1, కార్డు2, డ్రోన్, ఏదైనా. ఇక్కడ పి మర్చిపోయి వదిలేయలేదు. ఒకే కార్డును అదే పేరుతో రెండోసారి ఎక్కించబోతే ఫోల్డర్ ముందే ఉందని ఎంకేడిర్ మొరాయిస్తుంది, రెండో లైను వల్ల స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేసే ప్రమాదం ఇలా పోతుంది.

ఎనిమిదో లైను: సీపీ, ఖాళీ, హైఫన్, పెద్ద ఆర్, చిన్న పి, ఖాళీ, కొటేషన్లో డాలర్ కార్డు స్లాష్ చుక్క, ఖాళీ, కొటేషన్లో ఏడో లైనులోని దారి. పెద్ద ఆర్ లోపలి ఫోల్డర్లతో సహా తెస్తుంది. చిన్న పి ఫైలు అసలు సమయాన్ని చెడగొట్టకుండా తెస్తుంది. అది లేకపోతే ప్రతి ఫొటో ఇప్పుడే పుట్టినట్టు కనిపిస్తుంది.

తొమ్మిదో లైను: డిఫ్, ఖాళీ, హైఫన్ ఆర్, ఖాళీ, కార్డు దారి, ఖాళీ, కాపీ చేసిన దారి. కార్డులో ఉన్నదీ డిస్కులోకి వచ్చిందీ బైటు బైటు పోల్చి, తేడా ఉంటేనే నోరు విప్పుతుంది. ఏమీ చెప్పలేదంటే అంతా సరే.

తర్వాత సీహెచ్‌మోడ్, ఖాళీ, ప్లస్ ఎక్స్, ఖాళీ, ఫైలు పేరు కొట్టి దానికి నడిచే హక్కు ఇవ్వండి. పిలిచేటప్పుడు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి.

డేట్ కమాండులో ఏ అక్షరం దేనికి? నా ఫోల్డర్ 2025-47-15 అని వచ్చింది.

నలభై ఏడో నెలలో లగ్గం చేశారన్నమాట! చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషం. చిన్న ఎం కొట్టాల్సినచోట మీరు పెద్దది కొట్టారు. ఈ తప్పులో మోసం ఏంటంటే, నిమిషం పన్నెండు లోపు ఉన్నప్పుడు స్క్రిప్టు నడిపితే పేరు మామూలు తేదీలాగే కనిపిస్తుంది. తప్పని తెలియడానికి వారం పడుతుంది.

పెద్ద డి ఇంకా చిలిపిది. అది తేదీని 02/15/25 అని అమెరికా వరసలో, స్లాష్‌లతో ఇస్తుంది. స్లాష్ అంటే షెల్‌కు ఫోల్డర్లో ఫోల్డర్. ఎంకేడిర్ హైఫన్ పి తోడైతే 02 అన్న ఫోల్డర్లో 15, దాంట్లో 25 అన్న ఫోల్డర్ తయారవుతుంది. ఒక స్టూడియోలో ఇలా మూడు నెలలు నడిచింది. "మా డిస్కులో ఫొటోలు మాయమైతున్నయ్" అని పిలిచారు. మాయం కాలేదు, మూడు మెట్లు దిగి కూర్చున్నాయి.

పెద్ద వై సంవత్సరం. పెద్ద జీ కూడా సంవత్సరమే ఇస్తుంది, కానీ అది వారాల లెక్కకు వాడే సంవత్సరం. ఏడాది పొడవునా రెండూ ఒకటే చెబుతాయి, డిసెంబరు ఆఖరు, జనవరి మొదటి రోజుల్లోనే విడిపోతాయి. 2024 డిసెంబరు 30 సోమవారం నాడు జీ వాడినవాళ్లకు 2025-12-30 అన్న ఫోల్డర్ వచ్చింది. ఇవేవీ గుర్తుంచుకోలేకపోతే పైన చెప్పిన పెద్ద ఎఫ్ ఒక్కటి చాలు. సంవత్సరం, నెల, రోజు మూడూ అదే సరిగ్గా పెడుతుంది.

రాత్రి ముహూర్తం పెళ్లి. ఫొటోలు రెండు తేదీల ఫోల్డర్లలో చీలిపోయాయి. ఏం చేయాలి?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశానంటే తప్పు లేదు. స్క్రిప్టు ఎలా రాయాలో అందరూ అడుగుతారు, పేరులో ఏ తేదీ పెట్టాలో ఎవరూ అడగరు.

శుభలేఖ తీసి చూడండి. "15 ఫిబ్రవరి 2025 శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2 గంటల 40 నిమిషాలకు" అని ఉంటుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అందుకే అర్ధరాత్రి దాటినా అది శనివారమే. ఎవరూ తికమక పడొద్దని "తెల్లవారితే" అన్న మాట కూడా జోడిస్తారు. కంప్యూటర్‌కు అదేం తెలియదు. దాని రోజు అర్ధరాత్రి 12కే మారుతుంది. ఎదుర్కోళ్లు 15లో, జీలకర్ర బెల్లం 16లో పడతాయి. పెళ్లివాళ్లొచ్చి శనివారం ఫొటోలు అడిగితే తలంబ్రాలు దొరకవు.

చేసిన రాత్రే కాపీ చేసేవాళ్లకు చిట్కా సులభం. డేట్ తర్వాత ఖాళీ, హైఫన్ డి, ఖాళీ, కొటేషన్లో ఇంగ్లిష్‌లో "ఆరు గంటల కిందట" అన్న మాట (సిక్స్ అవర్స్ అగో, ఆరు అంకెలోనే) చేర్చి, తర్వాత ప్లస్, శాతం, పెద్ద ఎఫ్ పెట్టండి. ఉదయం ఆరు దాకా నిన్నటి తేదీయే వస్తుంది, ఇంచుమించు సూర్యోదయం లెక్క. ఇది లినక్స్‌కు. మ్యాక్‌లో హైఫన్ వి, హైఫన్ 6, పెద్ద హెచ్ కలిపి రాయాలి.

రెండు రోజుల తర్వాత కాపీ చేసేవాళ్లకు ఇది పనికిరాదు. స్క్రిప్టు పెట్టేది కాపీ చేసిన రోజు, తీసిన రోజు కాదు. తీసిన సమయం ఫొటో లోపలే ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ దాన్ని చదివి, ప్రతి ఫొటోను తీసిన తేదీ ఫోల్డర్లోకి చేరుస్తుంది. జాగ్రత్త ఒకటే. అలా ఫోల్డర్ మార్చమన్నప్పుడు అది ఫైళ్లను కాపీ చేయదు, జరిపేస్తుంది. కాబట్టి కార్డు మీద ఎప్పుడూ నడపొద్దు. ముందు పై స్క్రిప్టుతో డిస్కులోకి తెచ్చి, అక్కడ నడపండి.

అదీ కెమెరా గడియారం సరిగ్గా ఉంటేనే. గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయిన కెమెరా మళ్లీ తొలి రోజుకు వెళ్లి, పెళ్లి ఏళ్ల కిందట అయిందని చెబుతుంది. రెండు కెమెరాలతో తీసే పెళ్లికి, బయల్దేరే ముందే రెండింటి గడియారాలు ఫోన్ చూసి కలపండి. ఎంత తేడా ఉందో తెలిస్తే తర్వాత ఎగ్జిఫ్‌టూల్‌తో అన్నింటినీ ఒకేసారి ముందుకో వెనక్కో జరపొచ్చు.

అడ్తి దుకాణాల్లో ఈ గొడవ ఉండదు. కాంటా అయిన రోజే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాస్తారు, సాయంత్రానికి గుమస్తా స్కాన్ చేస్తాడు. అక్కడ కాపీ తేదీ సరిపోతుంది. స్టూడియో స్క్రిప్టును దుకాణానికి, దుకాణం స్క్రిప్టును స్టూడియోకు అలాగే ఎత్తి పెట్టకండి.

మా ఫోల్డర్ల తేదీ పొద్దున ఐదున్నరకు మారుతోంది. ఇదేం విచిత్రం?

మీ కంప్యూటర్, లేదా అద్దెకు తీసుకున్న సర్వర్, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తోంది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. మనకు 5.30 అయినప్పుడే దానికి అర్ధరాత్రి. పైన చెప్పిన ముహూర్తం చిట్కాకు ఇది దగ్గరగా ఉంది కదా అని వదిలేయకండి. సమయ మండలాన్ని ఏషియా స్లాష్ కోల్‌కతా అని సరిచేసి, కావాల్సిన గంటలు మీరే తీసేసుకోండి. అదాటున కుదిరిన లెక్కను నమ్ముకుంటే కంప్యూటర్ మార్చిన రోజు బోల్తా పడతారు.

డేట్ కమాండును ఎక్కడ కావాలంటే అక్కడ రాయొచ్చా?

వద్దు. పైన ఒక్కసారి తీసుకుని పేరులో దాచి, కింద అంతా ఆ పేరే వాడండి. రాత్రి 11.59కి మొదలైన స్క్రిప్టు మధ్యలో మళ్లీ తేదీ అడిగితే సగం ఫైళ్లు రేపటిలో పడతాయి.

ఫైలు పేర్లలో ఖాళీలుంటే స్క్రిప్టు తప్పుతోంది.

డాలర్ పేర్ల చుట్టూ జంట కొటేషన్లు లేవు. పెట్టండి. ఒంటి కొటేషన్లు వద్దు, వాటిలో డాలర్ పని చేయదు. అలాగే తేదీ వెనకే కింది గీత, ఇంకో మాట అతికించాలంటే పేరును మీసాల బ్రాకెట్లలో పెట్టాలి. లేకపోతే గీతతో సహా అంతా కలిపి ఒకే పేరనుకుంటుంది.

సీపీకి నక్షత్రం, చుక్క, జేపీజీ అని ఇచ్చాను. ఒక్క ఫొటో కూడా రాలేదు.

కెమెరాలు ఎక్కువగా పెద్ద అక్షరాల్లో జేపీజీ అని రాస్తాయి, మీరు చిన్న అక్షరాల్లో అడిగారు. లినక్స్‌కు రెండూ వేరు. నా స్క్రిప్టులో నక్షత్రం లేకుండా స్లాష్ చుక్క పెట్టింది అందుకే. పైగా "రా" ఫైళ్లు (కెమెరా కుదించకుండా దాచే ఫొటోలు), వీడియోలు కూడా కావాలి కదా.

రెండు కార్డులను ఒకే ఫోల్డర్లో పోస్తే ఏం నష్టం?

కెమెరా ఫైళ్ల పేర్లలో అంకెలు నాలుగే. 9999 దాటగానే మళ్లీ 0001. రెండు కెమెరాలు ఒకే కంపెనీవైతే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫొటోలు ఉండటం మామూలే. సీపీ అడగకుండానే మొదటిదాని మీద రెండోది రాసేస్తుంది. పోయిందని కూడా తెలియదు, ఎందుకంటే ఆ పేరుతో ఒక ఫైలు అక్కడే ఉంటుంది. అందుకే కార్డుకో ఉపఫోల్డర్. ఏడో లైను కావాలనే అలా పెట్టాను.

కాపీ అయిందని చెప్పింది, డిస్కు తెరిస్తే ఏమీ లేదు!

డిస్కు తగిలించారా? లినక్స్‌లో బయటి డిస్కు ఒక ఖాళీ ఫోల్డర్ మీద వచ్చి కూర్చుంటుంది. డిస్కు లేకపోయినా, మీరు చేత్తో చేసిన ఆ ఖాళీ ఫోల్డర్ మాత్రం అక్కడే ఉండొచ్చు. స్క్రిప్టు దాంట్లోనే తేదీ ఫోల్డర్ చేసి, ఫొటోలన్నీ కంప్యూటర్ లోపలి డిస్కులోనే పోస్తుంది. తర్వాత డిస్కు తగిలిస్తే అవి దాని కింద దాక్కుంటాయి. కొన్నాళ్లకు కంప్యూటర్ నిండిపోయిందని కేక. లినక్స్‌లో ఆరో లైనుకు ముందు మౌంట్‌పాయింట్, ఖాళీ, హైఫన్ క్యూ, ఖాళీ, కొటేషన్లో డాలర్ డిస్కు అని ఒక లైను చేర్చండి. డిస్కు లేకపోతే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది.

రోజూ రాత్రి దానంతటదే నడవాలంటే?

క్రాన్. చెప్పిన సమయానికి కమాండ్లు నడిపే ప్రోగ్రాం అది. క్రాన్‌టాబ్ హైఫన్ ఈ కొట్టి, `30 23 * * *` అని రాసి, పక్కన స్క్రిప్టు పూర్తి దారి పెడితే రోజూ రాత్రి 11.30కి నడుస్తుంది. మొదటి అంకె నిమిషం, రెండోది గంట.

దుకాణాలకు ఇది బాగుంటుంది, స్టూడియోలకు వద్దంటాను. కార్డు పెట్టి ఉందో లేదో క్రాన్‌కు తెలియదు. ఇంకా మూడు చిక్కులున్నాయి. స్క్రిప్టు బదులు డేట్ కమాండునే క్రాన్ లైన్లో రాస్తే, శాతం గుర్తును అది లైను మార్పు అనుకుని అక్కడే కోసేస్తుంది. ప్రతి శాతానికి ముందు వెనక్కి వాలిన స్లాష్ పెట్టాలి. స్క్రిప్టు ఫైలు లోపల రాస్తే ఈ బాధ లేదు. రెండోది, క్రాన్‌కు మీ టెర్మినల్లో ఉన్న దారులన్నీ తెలియవు, అందుకే ప్రతిదానికి పూర్తి దారి ఇవ్వాలి. మూడోది కరెంటు. 11.30కి కరెంటు పోయి కంప్యూటర్ ఆగి ఉంటే ఆ రోజు కాపీ అంతే సంగతులు, తర్వాత గుర్తుపెట్టుకుని చేయదు. అలా మిస్సైనవి పట్టుకోవాలంటే అనాక్రాన్ వాడాలి. లేదా దుకాణం కట్టేసే ముందు, సాయంత్రం ఏడింటికే పెట్టుకోవాలి. నేను రెండోదే చేస్తాను.

నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో "ఇంటర్‌ప్రెటర్ చెడ్డది" అంటోంది.

విండోస్ ప్రతి లైను చివర రెండు కంటికి కనిపించని గుర్తులు పెడుతుంది. లినక్స్‌కు ఒకటే చాలు. మిగిలింది బ్యాష్ పేరుకు అంటుకుని, అలాంటి బ్యాష్ లేదంటుంది. డాస్2యూనిక్స్ అన్న కమాండు దాన్ని కడిగేస్తుంది.

ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

నిక్షేపంగా. "2025-02-15 కార్డు1 మండపం" అని పెట్టండి, తేదీ మాత్రం ముందుండాలి. తెలుసుకోవాల్సింది ఒక్క కొలత. లినక్స్ డిస్కుల్లో పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. క అన్న అక్షరం, దానికి పొల్లు, తర్వాత ష కలిస్తేనే "క్ష". అంటే కంటికి ఒక్క అక్షరం, డిస్కుకు 9 బైట్లు. ఇంగ్లిష్‌లో 255 అక్షరాలు పట్టేచోట మనకు 85 సంకేతాలే. వధూవరుల ఇంటి పేర్లు, ఊరి పేర్లు, ఫంక్షన్ హాలు పేరు అన్నీ కలిపి రాసేవాళ్లు ఇక్కడ గోడకు తగులుతారు.

రోజూ మొత్తం కాపీ చేస్తే డిస్కు నిండిపోదా?

పెళ్లి కార్డులైతే రోజూ కొత్తవే, నిండక తప్పదు. దుకాణం ఖాతాలు అలా కాదు, వెయ్యి ఫైళ్లలో రోజుకు పది మారతాయి. దానికి ఆర్‌సింక్ ఉంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ తెచ్చారు. దానికి లింక్-డెస్ట్ అన్న ఐచ్ఛికంతో నిన్నటి ఫోల్డర్ చూపిస్తే, మారని ఫైళ్లను మళ్లీ కాపీ చేయకుండా నిన్నటివాటికే ఇంకో పేరు తగిలిస్తుంది. ప్రతి తేదీ ఫోల్డర్ తెరిచినా అన్ని ఫైళ్లూ కనిపిస్తాయి, స్థలం మాత్రం మారినవాటికే పడుతుంది. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద ఇది కుదరదు, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటిది కావాలి. మూల ఫోల్డర్ చివర స్లాష్ పెడితే లోపలివి మాత్రమే వస్తాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వస్తుంది. మొదటిసారి అందరూ తడబడేది ఇక్కడే.

పాతవాటిని ఫైండ్ (ఫైళ్లను వెతికే కమాండు)తో ముప్పై రోజులకు తీసేయమంటే నిన్నటి ఫైళ్లు కూడా పోయాయి!

హైఫన్ పితో కాపీ చేశాం కదా, ఫైలు సమయం అసలుదే ఉంటుంది. పోయినేడు రాసిన బిల్లును నిన్న కాపీ చేసినా, ఫైండ్‌కు అది పోయినేటిదే. ఫైలు వయసు చూడొద్దు, ఫోల్డర్ పేరులోని తేదీ చూసి తీసేయండి. తీసేసే లైను రాసేటప్పుడు మొదట ఫైళ్లను తీసేసే ఆర్ఎం బదులు పేర్లు మాత్రం చూపే ఎకో పెట్టి, ఏమేం పోతాయో తెర మీద చదువుకోండి.

కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేయాలి?

డిఫ్ నోరు మెదపకుండా ముగిసి, ఇంకో డిస్కులో రెండో కాపీ పడ్డాకే. అనుమానం ఎక్కువున్నవాళ్లు డిస్కును సరిగ్గా తీసి, మళ్లీ తగిలించి డిఫ్ నడపండి. కాపీ అయిన వెంటనే పోల్చితే డిస్కు నుంచి కాక, మెమరీలో మిగిలిన దాన్నే చదివే అవకాశం ఉంది. కార్డు విషయంలో సీపీ బదులు ఎంవీ వాడొద్దు. ఎంవీ కార్డు నుంచి తీసేస్తుంది, మీరు పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

రెండు డిస్కులున్నాయి, ఒకే బీరువాలో పెట్టాం. చాలదా?

2023 జులై ఆఖరి వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీరే చూశారు. కింది అంతస్తులో బీరువా ఉంటే రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఉంది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరేచోట. ఆ వేరేచోటు క్లౌడే కానక్కర్లేదు. ఒక స్టూడియో యజమాని వారానికోసారి డిస్కును పర్కాలలోని అత్తగారింటికి చేరుస్తాడు. ఆదివారం భోజనం కూడా అక్కడే.

తిథి పేరుతో ఫోల్డర్లు చేయొచ్చా?

డేట్ కమాండుకు తిథులు తెలియవు. సద్దుల బతుకమ్మ ఏ రోజన్నదే ఒక్కోసారి తేలని ఊరు మనది, షెల్‌ను ఇరికించొద్దు.

స్క్రిప్టుకు ఏం పేరు పెట్టాలి?

ఏదైనా పెట్టండి, "టెస్ట్" అని మాత్రం వద్దు. ఆ పేరుతో షెల్ లోపలే ఒక కమాండు ఉంది. మీరు టెస్ట్ అని కొడితే అదే నడిచి, ఏమీ చెప్పకుండా ముగుస్తుంది, కాపీ అయిపోయిందని మీరు కార్డు తీసేస్తారు. ఒక స్టూడియో కుర్రాళ్లు తమ స్క్రిప్టుకు ఎస్-ఏ-డీ-డీ-ఐ, సద్ది అని పెట్టుకున్నారు. షూటింగ్ నుంచి రాగానే "సద్ది కట్టినవా తమ్మీ?" అని అడుగుతారు.